పింగాణి పంటివేరు – గుణదోష విచారణ

పన్ను ఊడిన చోట మరొక పన్ను పెట్టుకోవాలన్న కోరిక మనిషికి కొత్తది కాదు. పంటితోపాటు దాని వేరునుకూడ తయారు చేయాలన్న ప్రయత్నము మాత్రము కొత్తది. దవడ ఎముకలో రంధ్రము తొలిచి, అందులో మరచీల వంటి కడ్డీని బిగిస్తారు. కొన్ని నెలలలో ఎముక పెరిగి ఆ కడ్డీని గట్టిగా పట్టుకొంటుంది. తరువాత దానిపై పన్ను అమర్చుతారు. నేడు ఇది దంతవైద్యములో సామాన్యమైన చికిత్స. ఈ కడ్డీని ఇంప్లాంటు అంటారు. చాలాకాలముగా దీనిని టైటానియమ్ అనే లోహముతో చేస్తున్నారు. 2000వ సంవత్సరము తరువాత జిర్కోనియా అనే తెల్లని సిరామిక్ పదార్థముతో చేసినవికూడ వాడుకలోకి వచ్చాయి. ఇది లోహము కాదనీ, పంటివలె తెల్లగా ఉంటుందనీ, ఉక్కువలె బలమైనదనీ, సహజమైన వేరుకు దగ్గరి చుట్టమనీ దీనిని గురించి చెప్పే మాటలు చాలా ఉన్నాయి. ఈ మాటలలో ఏది ఎంతవరకు నిజము?

ఈ ప్రశ్న పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. ఎముకలో కుదురుకొన్న కడ్డీ విరిగితే దానిని తీసివేయడము ఊగుతున్న పన్నును పెరికినంత తేలిక కాదు. చుట్టూ ఉన్న ఎముకనుకూడ కొంత కోసి తీయవలసి వస్తుంది. అందువల్ల రెండవ ప్రయత్నానికి మిగిలే ఎముక మొదటిదానికంటె తక్కువ. పోయిన డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చును. పోయిన ఎముకను సంపాదించడము కష్టము. కాబట్టి ఇటువంటి వస్తువును మెచ్చుకొనే ముందు, దానిని ఎవరు, ఏ విధముగా, ఎంతకాలము పరీక్షించారో అడగడము న్యాయము.

పేరులో ఉన్న చిక్కు

పంటి పైపొర అయిన ఎనామిల్‌ను తెలుగులో పింగాణి పొర అనడము కద్దు. పన్నే ఒక పింగాణి వస్తువైనప్పుడు పింగాణితో వేరు చేయడము సహజమే కదా అని ఎవరికైనా తోచవచ్చును. ఈ పోలిక మాటలోనే ఉన్నది గాని పంటిలో లేదు.

పన్నును నిలువుగా కోసి చూస్తే, చిగురుపైన కనబడే కిరీట భాగాన్ని కప్పుకొని ఎనామిల్ ఉంటుంది. దాని బరువులో సుమారు 96 శాతము ఖనిజమే. శరీరములో ఇంతకంటె కఠినమైన పదార్థము మరొకటి లేదు. దాని కింద ఉండే డెంటైన్‌లో ఖనిజము సుమారు 70 శాతము; మిగిలినది మాంసకృత్తులు, నీరు. చిగురు దగ్గరకు వచ్చేసరికి ఎనామిల్ ఆగిపోతుంది. వేరుపై ఎముకను పోలిన సిమెంటము అనే పలుచని పొర మాత్రమే ఉంటుంది. అంటే ప్రకృతి పింగాణిని నమిలే భాగానికి ఇచ్చింది, వేరుకు ఇవ్వలేదు.

అంతేకాదు, సహజమైన వేరు ఎముకకు అతుక్కొని ఉండదు. రెండింటి మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందము గల నారపొర ఉన్నది. ఆ నారల ఒక కొస సిమెంటములోను, రెండవ కొస ఎముకలోను నాటుకొని ఉంటాయి. మనము కొరికినప్పుడు పన్ను ఈ నారలపై వేలాడుతూ, కంటికి కనబడనంతగా కదులుతుంది. అన్నములో రాయి తగిలినప్పుడు దవడ చటుక్కున ఆగిపోవడానికి ఈ పొరలోని నాడులే ముఖ్య కారణము.

నరసరావుపేట సమీపాన కోటప్పకొండ తిరునాళ్ళను చూచినవారికి ఈ ఏర్పాటు సులభముగా బోధపడుతుంది. మహాశివరాత్రికి చుట్టుపట్ల గ్రామాలనుంచి ప్రభలు కట్టుకొని వస్తారు. కొన్ని ప్రభలు 80, 90 అడుగుల ఎత్తుకూడ ఉంటాయి. అంత ఎత్తైన ప్రభ బండిపై నిలబడి కదలగలగడానికి కారణము దానికి కట్టిన మోకులు. వాటిని పట్టుకొన్నవారు ఒకవైపు బిగిస్తూ, రెండవవైపు సడలిస్తూ నడుస్తారు. ప్రభ కొద్దిగా ఊగుతుంది. ఆ ఊగడములోనే గాలి తోపు, బండి కుదుపు ఖర్చయిపోతాయి. సహజమైన పన్ను మోకులున్న ప్రభ వంటిది. ఇంప్లాంటు మోకులు లేకుండా నేలలో పాతిన రాట వంటిది. రాటను పైనుంచి పక్కకు తోస్తే, ఆ తోపు ప్రభావమంతా నేల మట్టము దగ్గర చేరుతుంది. తోసే చోటు ఎంత ఎత్తున ఉంటే బల భ్రామకము అంత ఎక్కువ. ఇంప్లాంటు విషయములోకూడ వంపు తాకిడి ఎముక అంచు దగ్గరే కేంద్రీకరిస్తుంది. వయస్సుతోనో, చిగురు వ్యాధితోనో ఎముక అంచు కిందికి దిగిన కొద్దీ ఆ తాకిడి పెరుగుతుంది.

టైటానియమ్ కడ్డీకి నారపొర లేదు. జిర్కోనియా కడ్డీకికూడ లేదు. ఈ విషయములో సిరామిక్ సహజమైన వేరుకు లోహముకంటె ఒక అంగుళమైనా దగ్గర కాదు. ఇంకా చెప్పాలంటే కొంత దూరము. పదార్థము ఎంత బిరుసుగా ఉన్నదో చెప్పే యంగ్ గుణకాన్ని చూడండి. గట్టి ఎముకకు అది సుమారు 15 గిగాపాస్కల్‌లు, డెంటైన్‌కు 18, టైటానియమ్‌కు 105, జిర్కోనియాకు 210. వేరును పోలి ఉండడమే గుణమైతే, ఈ పరీక్షలో లోహమే నెగ్గింది. పంటివేరు అన్న పేరు రెండింటికీ ఎక్కువే. అవి పంటిమేకులు. మంచి మేకు కావడము తక్కువ పని కాదు. కాని మేకును మేకుగానే పరీక్షించాలి.

మొదటి సిరామిక్ మేకులు

పింగాణితో కట్టుడు పళ్ళు చేయడము 18వ శతాబ్ది చివరి భాగములో ఫ్రాన్సులో మొదలైనది. దుషాతో అనే ఔషధ వ్యాపారి, దుబ్వా ద షెమా అనే దంతవైద్యుడు దానికి ఆద్యులు. అవి చిగురుపై కూర్చొనే పళ్ళు. ఎముకలోకి దిగే సిరామిక్ మేకు 1960 దశాబ్దిలో గాని రాలేదు. స్విట్జర్లండులో సాండ్‌హౌస్ అనే వైద్యుడు అల్యూమినాతో, అనగా అల్యూమినియమ్ ఆక్సైడ్‌తో, మరచీలను తయారుచేశాడు. 1970 దశాబ్దిలో జర్మనీలోని ట్యూబింగెన్‌లో షుల్టే అల్యూమినాతోనే మరొక రకాన్ని రూపొందించాడు. అదే దశాబ్దిలో జపానులో అల్యూమినాను ఒకే స్ఫటికముగా పెంచి, అనగా కృత్రిమ నీలమణిగా చేసి, దానితో ఇంప్లాంట్లు తయారుచేశారు.

వీటిని ఎముక నిరాకరించలేదు. అవి తుప్పు పట్టలేదు, విషాన్ని వదలలేదు. అయినా నేడు అవి వాడుకలో లేవు. అవి విరిగిపోవడమే ప్రధాన కారణము. ట్యూబింగెన్ ఇంప్లాంటు తరువాతి రూపాన్ని టైటానియమ్‌తోనే చేశారు.

ఎందుకు విరిగాయి? తరగతి గదిలోని సుద్దముక్క దీనికి జవాబు చెబుతుంది. సుద్దముక్కను రెండు చేతులతో నొక్కితే అది చాలా భారాన్ని తట్టుకొంటుంది. కాస్త వంచితే మాత్రము పుటుక్కున విరుగుతుంది. రాగి తీగ వంచితే వంగుతుంది. లోహములో పరమాణు పొరలు ఒకదానిపై ఒకటి జారగలవు; కాబట్టి చిన్న పగులు ఉన్నా దాని మొన మొద్దుబారుతుంది. సిరామిక్‌లో ఆ జారుడు లేదు. చిన్న గీటు మొనవద్ద తాకిడి పోగై, పగులు ముందుకు పరుగెత్తుతుంది. అద్దాల దుకాణములో గాజు పలకపై ఒక గీత గీసి, చేతితో విరవడము అందరూ చూచినదే. గాజును విరిచినది చేయి కాదు; ఆ గీత.

సిరామిక్ మేకులు ఇలా తడబడుతున్న కాలములోనే టైటానియమ్ నిలదొక్కుకొన్నది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1952లో కుందేళ్ళ ఎముకలలో అమర్చిన టైటానియమ్ గొట్టము తిరిగి ఊడి రాకపోవడము గమనించాడు. 1965లో మొదటి రోగికి టైటానియమ్ ఇంప్లాంట్లు అమర్చాడు. అయినా ప్రపంచము వెంటనే ఒప్పుకోలేదు. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సమావేశములో పదిహేనేళ్ళకు పైబడిన అనుభవాన్ని లెక్కలతో ముందుంచిన తరువాతనే దానికి విస్తృతమైన ఆమోదము లభించింది. సిరామిక్‌ను తూచడానికి తగిన రాయి ఈ ఓర్పే.

ఇసుకలోని ఖనిజము

జిర్కోనియా అంటే జిర్కోనియమ్ ఆక్సైడ్. ఈ మూలకాన్ని 1789లో జర్మన్ రసాయనవేత్త క్లాప్రోత్ సింహళమునుంచి వచ్చిన జిర్కాన్ రాయిలో గుర్తించాడు. గ్రానైటు జాతి శిలలలో జిర్కాన్ సూక్ష్మ కణాలుగా ఉంటుంది. శిలలు శిథిలమై నదులద్వారా సముద్రము చేరినప్పుడు, తేలిక ఇసుక కొట్టుకొనిపోయి, బరువైన కణాలు ఒడ్డున పోగవుతాయి. శ్రీకాకుళము తీరాన భావనపాడు, విశాఖ తీరాన భీమునిపట్నము ప్రాంతాల ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్‌లతోపాటు జిర్కాన్‌కూడ ఉన్నది. 1971లో హైదరాబాదులో స్థాపించబడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు జిర్కాన్ ఇసుకనుంచి ముందు ఆక్సైడ్‌ను, దానినుంచి లోహాన్ని తయారుచేసి, అణు రియాక్టర్ల ఇంధన గొట్టాలకు వాడుతున్నది. కాబట్టి జిర్కోనియా తెలుగువారికి పరాయి పదార్థము కాదు. ఇసుక ఉన్నంత మాత్రాన పంటిమేకు వచ్చినట్లు కాదని మాత్రము ముందుముందు తెలుస్తుంది.

పరిశుద్ధమైన జిర్కోనియాకు ఒక చిత్రమైన స్వభావమున్నది. సాధారణ ఉష్ణోగ్రతలో దాని స్ఫటికాలు ఒక వైపుకు వాలిన పెట్టెల వంటి ఆకారములో ఉంటాయి. దీనిని మోనోక్లినిక్ రూపము అంటారు. సుమారు 1170 సెంటిగ్రేడు డిగ్రీలు దాటితే అవి నిటారైన పెట్టెల వంటి టెట్రాగొనల్ రూపానికి మారతాయి. తిరిగి చల్లారుతున్నప్పుడు పాత రూపానికి వస్తూ, ఘనపరిమాణములో 4, 5 శాతము ఉబ్బుతాయి. కుమ్మరి ఆవములోనుంచి తీస్తున్న కుండ ఉన్నట్లుండి అంత ఉబ్బితే ఏమవుతుంది? ముక్కలవుతుంది. అందుచేత చాలాకాలము పరిశుద్ధమైన జిర్కోనియాతో వస్తువులు చేయడము సాధ్యము కాలేదు.

దీనికి విరుగుడు మరొక ఆక్సైడ్‌ను కలపడము. 3 మోల్ శాతము ఇట్రియమ్ ఆక్సైడ్ కలిపి, కణాలను అర మైక్రాను లోపుగా ఉంచి కాలిస్తే, చల్లారిన తరువాతకూడ టెట్రాగొనల్ రూపమే నిలిచి ఉంటుంది. అయితే అది తృప్తితో నిలవదు. అవకాశము దొరికితే ఉబ్బడానికి సిద్ధముగా ఉంటుంది. పగులు ఒకటి లోపలికి పాకి వచ్చిందనుకోండి. దాని మొనవద్ద ఉన్న కణాలమీద లాగుడు పడుతుంది. అదే అదనుగా అవి మోనోక్లినిక్ రూపానికి మారి ఉబ్బుతాయి. ఉబ్బిన కణాలు పగులును ఇరువైపులనుంచి నొక్కి, దాని నోరు మూస్తాయి. పదార్థము తన పగులును తానే అడ్డుకొంటుంది!

ఇట్రియమ్‌కు ముందు ఇతర ఆక్సైడ్‌లు కలిపిన జిర్కోనియాలో ఈ విషయాన్ని వెల్లడించినది ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గార్వీ, హానింక్, పాస్కోలు. 1975లో నేచర్ పత్రికలో వెలువడిన వారి వ్యాసానికి శీర్షిక ‘సిరామిక్ ఉక్కు?’ అని. చివర ప్రశ్నార్థకము ఉన్నది. తరువాతి ప్రచారములో శీర్షిక మిగిలింది గాని, ప్రశ్నార్థకము రాలిపోయింది.

ఆ ప్రశ్నార్థకము ఎందుకు ఉండాలో అంకెలు చెబుతాయి. వంచి విరిచే పరీక్షలో జిర్కోనియా 900 నుంచి 1200 మెగాపాస్కల్‌ల తాకిడిని తట్టుకొంటుంది. ఇంప్లాంట్లకు వాడే శుద్ధ టైటానియమ్ లాగుడు బలము సుమారు 550 మెగాపాస్కల్‌లు. దీనిని మాత్రమే చూచి జిర్కోనియా లోహముకంటె బలమైనదంటారు. గీటు పడిన తరువాత ఎంతవరకు నిలుస్తుందన్నది వేరొక కొలత. పగులును ఆపే శక్తిలో అల్యూమినాకు 4 మార్కులు వేస్తే, జిర్కోనియాకు 5 నుంచి 10 వరకు, టైటానియమ్‌కు 60కి పైగా వేయాలి. అల్యూమినాకంటె జిర్కోనియా ఎంతో మేలు. లోహముతో పోలిస్తే ఇంకా పింగాణి జాతిదే. బలము, పగులును ఆపే శక్తి అనే రెండు గుణాలను ఒకటిగా కలిపి చెప్పడము ఈ విషయములో జరిగే పొరపాట్లలో పెద్దది.

నీరు చేసే పని

జిర్కోనియా కథలో కీలకమైన మలుపు నీటితో వస్తుంది. తేమ తగిలే చోట, పగులు ఏదీ లేకపోయినా, పైపొరలోని కణాలు మెల్లమెల్లగా మోనోక్లినిక్ రూపానికి మారతాయని 1981లో జపాను పరిశోధకులు చూపారు. ఒక కణము మారి ఉబ్బితే దాని పొరుగు కణముపై ఒత్తిడి పడుతుంది, అదీ మారుతుంది. నునుపైన ఉపరితలము గరుకెక్కుతుంది, సన్నని నెరియలు పడతాయి, ఆ నెరియలలోనుంచి నీరు ఇంకా లోపలికి దిగుతుంది. దీనిని ఈ పదార్థపు వార్ధక్యము అనవచ్చును.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచించాలి. పగులును మూసినది కణాల రూపాంతరము. ఉపరితలాన్ని చెరిచినదికూడ అదే రూపాంతరము. పిలిచినప్పుడు వస్తే రక్షణ. పిలవకుండా వస్తే రోగము. జిర్కోనియా గుణము, దోషము రెండు వేరువేరు విషయాలు కావు. అవకాశము దొరికితే మారడానికి సిద్ధముగా ఉండడమే రెండింటికీ మూలము. దోషాన్ని పూర్తిగా తీసివేస్తే గుణముకూడ దానితోనే పోతుంది. అందువల్ల జిర్కోనియా మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు లేదు. ఎంత స్థిరముగా ఉంచారు, ఎంతకాలము ఉంటుంది అని అడగాలి.

దీనిని అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో తుంటి కీళ్ళ చరిత్ర చూపింది. కృత్రిమ తుంటి కీలులోని బంతిని జిర్కోనియాతో చేసి, వేలాది రోగులకు అమర్చారు. మొదట ఫలితాలు బాగున్నాయి. 2001లో ఒక ఫ్రెంచి సంస్థ తయారుచేసిన బంతులు సుమారు 400 స్వల్పకాలములోనే రోగుల శరీరాలలో విరిగాయి. విచారించగా, 1998లో ఆ సంస్థ కొలిమిని మార్చినట్లు తేలింది. దఫదఫాలుగా కాల్చే పాత కొలిమి స్థానములో వస్తువులు వరుసగా సాగిపోయే సొరంగపు కొలిమి వచ్చింది. ముడి పదార్థము, పాళ్ళు, పేరు మారలేదు. కాల్చే పద్ధతి మారింది, అదే చాలింది. మంచి మట్టి ఉన్నంత మాత్రాన మంచి కుండ రాదన్న కుమ్మరి అనుభవమే ఇది. జిర్కాన్ ఇసుకకు, నమ్మదగిన పంటిమేకుకు మధ్యనున్న దూరము ఈ కొలిమిలోనే ఉన్నది.

దంతవైద్యానికి పదార్థము తయారుచేసేవారు ఈ పాఠాన్ని మరువలేదని చెప్పాలి. కణాలను మరింత సన్నగా చేశారు. వేడి వాయువు ఒత్తిడిలో కాల్చి లోపలి రంధ్రాలను మూస్తున్నారు. అల్యూమినాను కలిపి వార్ధక్యాన్ని ఆలస్యము చేస్తున్నారు. ఇవి నిజమైన అభివృద్ధులు. అయితే ఎముక పట్టడానికి మేకు ఉపరితలము గరుకుగా ఉండాలి. అందుకోసము దానిపై ఇసుక కొట్టడము, ఆమ్లముతో తినిపించడము చేస్తారు. పగులుకు దారి చూపేదికూడ ఆ గరుకుతనమే. పన్ను సరిగా కూర్చోవడము లేదని వైద్యుడు మేకును నోటిలోనే ఆకురాయితో అరగదీస్తే, కొలిమిలో పడిన శ్రమంతా ఒక నిమిషములో చెడవచ్చును.

పరీక్షలు ఏమి చెబుతాయి?

ఇటువంటి వస్తువులకు అంతర్జాతీయ ప్రమాణ సంస్థ రెండు ముఖ్యమైన పరీక్షలు విధించింది. మొదటిది వార్ధక్య పరీక్ష. నమూనాను 134 సెంటిగ్రేడు డిగ్రీల ఆవిరిలో, సుమారు రెండు వాతావరణాల అదనపు ఒత్తిడిలో 5 గంటలు ఉంచుతారు. ఇది ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించడము వంటిదే. వేడి మాత్రము ఎక్కువ. ఆ తరువాత మోనోక్లినిక్ రూపము 25 శాతాన్ని మించరాదు, బలము 20 శాతముకంటె ఎక్కువ తగ్గరాదు. రెండవది అలసట పరీక్ష. మేకును 30 డిగ్రీల వాలులో బిగించి, ఎముక 3 మిల్లీమీటర్లు తరిగిపోయినట్లు పైకి వదలి, ఒకే చోట మళ్ళీమళ్ళీ నొక్కుతారు. పొడి స్థితిలో అయితే 50 లక్షల సార్లు, ద్రవములో అయితే 20 లక్షల సార్లు. మనిషి సంవత్సరానికి సుమారు రెండున్నర లక్షల సార్లు నములుతాడని లెక్క వేస్తే, 50 లక్షలు 20 ఏళ్ళతో సమానము.

ఈ పరీక్షలు అవసరమైనవి, కఠినమైనవి. వాటికి ఒక పరిమితికూడ ఉన్నది. ఆవిరిలో ఒక గంట, శరీరములో మూడు నాలుగేళ్ళకు సమానమని ఒక లెక్క వాడుకలో ఉన్నది. అధిక ఉష్ణోగ్రతలలో కొలిచిన వేగాన్ని 37 డిగ్రీలకు పొడిగించి వేసిన అంచనా అది. రేఖాపటములో కొలిచిన బిందువులను దాటి గీతను చాలా దూరము పొడిగించడము ఎంత ప్రమాదమో భౌతికశాస్త్ర విద్యార్థికి తెలుసు. పైగా ఒక పరీక్ష వేడినీ తేమనూ చూస్తుంది. రెండవది నమలడాన్ని చూస్తుంది. నోటిలో ఈ రెండూ వేరువేరు రోజులలో రావు. వేడి కాఫీ, మంచినీళ్ళు, పులుపు, నములుడు, నిద్రలో పళ్ళు కొరకడము అన్నీ ఒకే మేకుపై, ఒకే కాలములో, ఏళ్ళ తరబడి జరుగుతాయి.

రోగులలో కనబడిన ఫలితాలు నిరాశ కలిగించేవి కావు. ఇటీవలి జిర్కోనియా ఇంప్లాంట్లలో నూటికి తొంభైకి పైగా అయిదేళ్ళ తరువాతకూడ నిలిచి ఉన్నట్లు పరిశీలనలు చెబుతున్నాయి. ఈ అంకెను చదివేటప్పుడు రెండు విషయాలు గమనించాలి. చాలా పరిశీలనలలో విపరీతముగా పొగతాగేవారిని, పళ్ళు కొరికే అలవాటు ఉన్నవారిని ముందే మినహాయించారు. ఎంపిక చేసిన విద్యార్థులతో పరీక్ష జరిపి, ఆ శాతాన్ని బడి మొత్తానికి అంటగట్టడము కుదరదు. రెండవది, తయారీదారులు నమూనాలను తరచు మారుస్తారు. పదేళ్ళ ఫలితము చేతికి వచ్చేసరికి ఆ మేకు అమ్మకములో ఉండకపోవచ్చును. అమ్మకములో ఉన్న మేకుకు పదేళ్ళ వయస్సు ఉండకపోవచ్చును. టైటానియమ్‌కు ఇరవై ఏళ్ళు దాటిన లెక్కలు ఉన్నాయి. ఆ విషయములో సిరామిక్ ఇంకా చిన్న తరగతిలోనే ఉన్నది.

లోహము లేదన్న మాట

లోహము లేనిది కాబట్టి సిరామిక్ శరీరానికి మేలన్నది మరొక వాదము. టైటానియమ్ గాలి తగిలిన క్షణములోనే తనపై ఆక్సైడ్ పొరను కప్పుకొంటుంది. ఆ పొర మందము కొన్ని నానోమీటర్లు మాత్రమే. ఎముక తాకేది ఆ పొరనే గాని లోపలి లోహాన్ని కాదు. ఆక్సైడ్ అంటే సిరామిక్. కాబట్టి రెండు రకాల మేకులలోను ఎముక చేయి కలిపినది ఒక సిరామిక్ ఉపరితలముతోనే. తేడా ఏమంటే, టైటానియమ్ మేకులో పగులును ఆపే లోహము లోపల ఉన్నది. గట్టి పొర పైన, ఓర్పు గల పదార్థము లోపల ఉండడము ఎనామిల్, డెంటైన్‌ల ఏర్పాటును కొంతవరకు పోలి ఉన్నది!

అట్లని సిరామిక్‌కు మేలు లేదనడము అన్యాయము. ముందు పళ్ళ చోట చిగురు పలుచగా ఉంటే, టైటానియమ్ బూడిద రంగు లోపలినుంచి కనబడుతుంది, జిర్కోనియా కనబడదు. నునుపైన జిర్కోనియాపై సూక్ష్మజీవుల పాచి తక్కువగా పట్టుతుందని కొన్ని పరిశీలనలు తెలుపుతున్నాయి. టైటానియమ్ పడదని తేలిన అరుదైన రోగులకు ఇది మంచి ప్రత్యామ్నాయము. ఈ మూడు గుణాలు నిజమైనవి. వీటి కోసము ఎన్నుకొన్నవారు తెలిసి ఎన్నుకొన్నట్లే.

పల్నాటిలో ఈ ప్రశ్న

తెల్లదనము అన్న గుణానికి పల్నాడు వంటి ప్రాంతములో ఉండే ఆకర్షణ వేరు. వినుకొండ, బొల్లాపల్లి పరిసరాలలో కొన్ని గ్రామాల భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశములో ఈ నీటివల్ల కలిగే ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లానుంచే ప్రకటించారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట, పళ్ళు ఏర్పడే వయస్సులో ఆ నీరు తాగిన పిల్లల పళ్ళపై తెల్లని, గోధుమ రంగు మచ్చలు పడవచ్చును. ఆ మచ్చలు పైకి తోమితే పోవు, జీవితాంతము ఉంటాయి. ఆ పళ్ళతో నలుగురిలో నవ్వడానికి సిగ్గుపడే పిల్లలను ఉపాధ్యాయులు ఎరుగుదురు.

అటువంటివారికి తెల్లని పంటివేరు అన్న మాట ఆశ పుట్టించడములో ఆశ్చర్యము లేదు. ఇక్కడనే శాస్త్రము స్పష్టముగా మాట్లాడాలి. ఫ్లోరోసిస్ మచ్చ ఎనామిల్‌కు సంబంధించినది. ఆ పంటి వేరు, సిమెంటము, నారపొర సాధారణముగా బాగానే ఉంటాయి. మచ్చ పడిన పన్ను చాలావరకు పనిచేసే పన్నే. మచ్చను తగ్గించడానికో, కప్పడానికో పైపైన చేసే చికిత్సలు ఉన్నాయి. రంగు కోసము వేరున్న పన్నును పెరికి మేకు దిగగొట్టించుకోవడమంటే, గోడకు సున్నము వెలిసిందని పునాది తవ్వడమే. మోకులున్న ప్రభను కూల్చి రాట పాతడము ఎవరూ చేయరు.

వేరే పోయినవారి సంగతి వేరు. పల్నాటిలో చుట్ట, బీడీ, గుట్కా అలవాట్లు చిగురును, ఎముకను తినివేయడముతో ఊడే పళ్ళు చాలా ఉన్నాయి. ఇంప్లాంటుకుకూడ పొగాకు శత్రువే. అలవాటు మానకుండా మేకు మార్చితే, అది లోహమైనా పింగాణి అయినా ఫలితము సందేహమే. ప్రయోగాలలోనుంచి మినహాయించిన రోగి, వైద్యశాలలోకి నడిచి వచ్చే రోగి ఇతడే.

తీర్పు

అరవై ఏళ్ళ కృషిని మొత్తము మీద చూస్తే, సిరామిక్ మేకు ఓడిపోలేదు; పూర్తిగా గెలవనూ లేదు. అల్యూమినా పగులువల్ల ఓడింది. జిర్కోనియా ఆ పగులును అడ్డుకొనే ఉపాయముతో వచ్చింది. ఆ ఉపాయానికి ఒక గడియారము తగిలించి ఉన్నది. అది తేమలో తిరుగుతుంది. దానిని ఎంత మెల్లగా తిరిగేటట్లు చేయగలిగారన్నదే నేటి అభివృద్ధికి కొలబద్ద. తెల్లదనము, లోహము లేకపోవడము, ఉక్కుతో పోలిక ఇవేవీ ఆ కొలతకు సమాధానాలు కావు.

హైదరాబాదులోని బాలాపూరు వద్ద నూతన పదార్థాల పరిశోధన కేంద్రములోను, ఇతర సంస్థలలోను సిరామిక్ చూర్ణాలపై పని జరుగుతున్న ఈ కాలములో, మన తీరపు ఇసుకనుంచి మన రోగి దవడలోకి మేకును తీసుకొని రావాలన్న ఆశ తప్పు కాదు. కాని ఆ ఆశకు ఇసుక లెక్కకంటె కొలిమి లెక్క, కొలిమి లెక్కకంటె రోగుల లెక్క ముఖ్యము. ఏ సంవత్సరములో ఎంతమందికి అమర్చారు, వారిలో ఎంతమంది తిరిగి పరీక్షకు వచ్చారు, ఎన్ని విరిగాయి, విరిగినవాటిని ఏ దఫాలో కాల్చారు అన్న పుస్తకము తెరచి ఉంచిన తయారీదారునే నమ్మాలి.

పగులు, బలము, అలసట, రూపాంతరము అనే పాఠాలు ఉన్నత పాఠశాలలో చెప్పేటప్పుడు సుద్దముక్క, రాగి తీగ, గాజు పలక ఉంటే చాలు. ఈ మూడింటినీ విరిచి, వంచి చూచిన విద్యార్థి, రేపు పెద్దవాడై తన ఇంటిలోని పెద్దలను దంతవైద్యుని దగ్గరకు తీసుకొనిపోయినప్పుడు రెండు ప్రశ్నలు అడగగలుగుతాడు. ఈ పన్ను తీయవలసినదేనా? తీస్తే, మీరు పెట్టే మేకు ఎన్నేళ్ళు నిలిచిందని లెక్క ఉన్నది?